నన్ను లేపకండి

రామచంద్రపురంలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాటా చీటీలు, తవుడు, నూకల పద్దులు, లెవీ బియ్యం లెక్కలు అన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. చివరి రోజుల్లో ఆ చేతిరాత చిన్నదైపోతూ వచ్చింది. పేజీ పైన మామూలుగా ఉన్న అంకెలు కిందికొచ్చేసరికి భూతద్దం పెడితే గాని కనపడేవి కావు. షావుకారు గారు నవ్వుతూ "ఏటండీ, కాగితం పొదుపా?" అనేవారు. 2016లో కాకినాడలో నరాల డాక్టరు గారు నాచేత నాలుగు లైన్లు రాయించి, వరండాలో అటూ ఇటూ నడిపించి చూసి, పార్కిన్సన్స్ అన్నారు. రాత అలా కుంచించుకుపోవడం ఆ జబ్బు తొలి గుర్తుల్లో ఒకటని అప్పుడే తెలిసింది.

కుడిచెయ్యి వణికేది, కాళ్లు బిగుసుకునేవి. లెవోడోపా మాత్రలు మొదలెట్టాక చాలావరకు దారికొచ్చాయి. మాత్ర వేళకి పడితే మిల్లు దాకా నడిచివెళ్లి, నలుగురితో కూర్చుని టీ తాగి వచ్చేవాణ్ణి. ఊళ్లో ఎవరెదురైనా ముందు నా చెయ్యి వంక చూసి, ఆ తర్వాతే మొహం చూసేవారు. చెయ్యి నన్నంత కష్టపెట్టలేదు. నాలుగైదేళ్లు గడిచాక, నించోవడమే నాకు ప్రమాదమైపోయింది.

పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి ముందు రంగులు పోయేవి. గోడమీద క్యాలెండర్లో వెంకటేశ్వరస్వామి బొమ్మ బూడిదరంగులోకి తిరిగేది. తర్వాత చెవుల్లో హోరు. మెడ వెనకనుంచి రెండు భుజాల దాకా ఒకటే పీకుడు. మాట వినపడుతూనే ఉండేది గాని జవాబు దొరికేది కాదు. గోడో తలుపో అందితే పట్టుకుని నిలదొక్కుకునేవాణ్ణి, అందకపోతే కిందే. తేరుకున్నాక ఒంట్లో ఏమీ ఉండేది కాదు. అదే విచిత్రం. పడుకున్న మనిషికి ఏ జబ్బూ లేదు, లేచిన మనిషికి ప్రాణం లేదు.

దీనికి ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. పైత్యం అన్నారు, గ్యాస్ అన్నారు, నీరసం అన్నారు. మా వదిన దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటికొచ్చి చూసే ఆర్‌ఎంపీ గారు సెలైన్ పెట్టేవారు. సెలైన్ ఎక్కిన రోజు నిజంగానే బాగుండేది, మర్నాటికి మళ్లీ మొదటికొచ్చేది. ఎందుకు బాగుండేదో ఇప్పుడు తెలుసు. ఒంట్లోకి ఉప్పూ నీరూ చేరేవి. అప్పట్లో మాత్రం ఆ సీసాలో ఏదో బలం మందు కలిపారనే అనుకునేవాళ్లం.

మెడనొప్పికని ఒక ఆస్పత్రికి వెళితే ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగాయని కాలర్ ఇచ్చారు. అరవై దాటినవాడి మెడకి ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనపడక ఏం చేస్తుంది? పడుకుంటే నొప్పి ఎందుకు మాయమవుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంకోచోట కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూస్తే 150 పైనే ఉంది. "బీపీ ఎక్కువగా ఉందండీ, అందుకే తిరుగుతోంది" అని, పాత ఆమ్లోడిపిన్ డోసు పెంచారు. ప్రోస్టేటుకని అప్పటికే టామ్సులోసిన్ వేసుకుంటున్నాను. అది కూడా రక్తనాళాలను వదులు చేసే మందే. ఆ నెలల్లో నేను పడినన్నిసార్లు ఇంకెప్పుడూ పడలేదు.

మతి కూడా తప్పుతోందని ఇంట్లో భయపడ్డారు. పొద్దున పది గంటలప్పుడు పాలవాడి లెక్క అడిగితే తేల్చలేకపోయేవాణ్ణి. బస్తాల లెక్క నోటితో వేసినవాణ్ణి, అరలీటరు పాలకి తడబడ్డాను. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నాన్నకి మతిమరుపు జబ్బు మొదలైందేమో" అంటుంటే పక్క గదిలోంచి విన్నాను. అదే లెక్క రాత్రి మంచంమీద పడుకుని అడిగితే టకటకా చెప్పేవాణ్ణి. ఈ తేడా ముందు పట్టుకున్నది మా ఆవిడ. "ఈయనకి బుర్ర పడుకుంటేనే పనిచేస్తోంది" అని వెక్కిరింపుగానే అంది. కానీ తర్వాత డాక్టరు గారి దగ్గర అన్నింటికన్నా పనికొచ్చింది ఆ మాటే.

దానికి ముందు ద్రాక్షారామం జరిగింది.

కార్తీక సోమవారం. భీమేశ్వరస్వామి దర్శనానికి మాకు ఆటోలో పావుగంట ప్రయాణం. ఏటా వెళ్లడం అలవాటు. తెల్లవారకముందే సప్తగోదావరి గుండంలో స్నానం, నక్తం ఉపవాసం గనక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. క్యూ కదలడం లేదు. నడిచేవాడికి పిక్కలు బిగిసి వదులుతుంటాయి గనక కాళ్లలోకి దిగిన రక్తం పైకి తోసుకొస్తుంది. కదలకుండా నించున్నవాడికి ఆ సాయం కూడా ఉండదు. ఇది తర్వాత నేర్చుకున్న శాస్త్రం. ఆరోజు నాకు తెలిసింది ఇంతే. ముందున్నాయన కండువా తెల్లబోయింది, మా ఆవిడ గొంతు దూరమైంది. రాతిమెట్టు అంచుకి కనుబొమ మీద చీలింది.

అక్కడివరకు జబ్బు చేసింది. తర్వాతది జనం చేశారు, ప్రేమతోనే చేశారు. పడిన మనిషిని కింద వదిలేస్తే తప్పని మనవాళ్లకి. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపి నించోబెట్టారు. నేను మళ్లీ కూలాను. ఈసారి కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, తల వాలిపోకుండా ఒకరు గట్టిగా పట్టుకున్నారు. ఇంకొకరు చేతిలో తాళాలు పెట్టి "ఇనుము పట్టుకోండి" అన్నారు, మూర్ఛ అనుకుని. కుర్చీలో నా కాళ్లు కొంచెం కొట్టుకున్నాయట. మెదడుకి రక్తం అందక అలా అవుతుందని, అది మూర్ఛ కాదని డాక్టరు గారు తర్వాత చెప్పారు. పడినప్పుడు పడుకునే ఉండనిచ్చి, కాళ్ల కింద ఒక సంచి పెట్టి ఎత్తుగా ఉంచితే ఒకటి రెండు నిమిషాల్లో లేచి కూర్చునేవాణ్ణి. నన్ను నిటారుగా పట్టుకున్నంతసేపూ రక్తం తలకెక్కలేదు. చివరికి కుర్చీలోంచి జారి నేలమీద సాగిలపడ్డాకే కళ్లు తెరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు స్వామి దయ అన్నారు. అనుకోనివ్వండి.

కుట్లు వేయించుకున్నాక కాకినాడ వెళ్లాం. 2022 ఏప్రిల్లో మమ్మల్ని కోనసీమ జిల్లాలో కలిపారు గాని, జిల్లా మారితే జబ్బు దారి మారదు. అమలాపురం వెళ్లాలంటే గౌతమి దాటాలి. రోగం వస్తే రామచంద్రపురం వాళ్లం ఎక్కేది కాకినాడ బస్సే.

అక్కడి డాక్టరు గారు కుర్చీ చూపించలేదు. బల్లమీద పడుకోమన్నారు. అయిదు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి బీపీ చూశారు. 168/94. నాడి 72. లేచి నించోమని, పక్కన ఒక కుర్రాణ్ణి పట్టుకోడానికి పెట్టి, మొదటి నిమిషంలో ఓసారి, మూడో నిమిషంలో ఓసారి చూశారు. మొదట 118. మూడో నిమిషానికి 92/58. రంగులు పోవడం మొదలైంది, కూర్చోబెట్టేశారు. పెద్ద అంకె 20 పడినా, చిన్న అంకె 10 పడినా జబ్బు కిందే లెక్కట. నాది 76 పడింది. "అసలు సంగతి ఇది కాదు, నాడి చూడండి" అన్నారాయన. 72 నుంచి 77 అయింది, అంతే. బీపీ ఎన్ని పాయింట్లు పడిందో అందులో సగమన్నా నాడి పెరగాలి. ఒంట్లో నీరు తగ్గిన మనిషికైతే గుండె దడదడలాడుతుంది. నాది ఏమీ జరగనట్టు కొట్టుకుంటోంది. దాని అర్థం, రక్తం పడిపోతోందన్న కబురు మోసే నరాలే పనిచేయడం లేదని.

లేచి నించున్న ప్రతి మనిషికీ అరలీటరు పైన రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగిపోతుందట. మెడలో, గుండె పైన ఉన్న పెద్ద రక్తనాళాల గోడలు ఆ తగ్గుదలని పసిగట్టి మెదడుకి చెబుతాయి. మెదడు నరాల ద్వారా నార్ ఎడ్రినలిన్ వదిలించి నాళాలు బిగిస్తుంది. ఇదంతా కొద్ది సెకన్లలో జరిగిపోతుంది. మనకి తెలియను కూడా తెలియదు. పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో ఉండకట్టే ప్రొటీనే గుండెకి, నాళాలకి వెళ్లే నరాల్లోనూ పేరుకుంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఈ గొడవ ఉంటుందని ఆయన అన్నారు. నా మలబద్ధకం, వాసన తెలియకపోవడం, రాత్రిళ్లు మాటిమాటికీ ఒంటేలుకి లేవడం, అన్నీ ఒకే చెట్టు కొమ్మలని అప్పుడు తెలిసింది.

మా మనవడికి ఇలాంటివి వెతకడం సరదా. జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాసిన వ్యాసం ఆరుగురు మనుషుల గురించేనని, అందులో కొందరిని ఆయన వీధిలో చూశాడని చదివి వినిపించాడు. చేతికి పట్టీ కట్టి బీపీ చూసే సాధనం 1896లో ఇటలీలో రీవా-రోచ్చి చేశాక గాని లేదు. నించుంటే బీపీ పడిపోయే జబ్బుని ముగ్గురు రోగుల్లో కొలిచి 1925లో అమెరికాలో బ్రాడ్‌బరీ, ఎగుల్‌స్టన్ రాశారు. కొలిచే పనిముట్టు వచ్చి నూరేళ్లు దాటింది. మన దగ్గర ఇంకా రోగిని కుర్చీలో కూర్చోబెట్టే చూస్తున్నారు. నాకు కోపం వచ్చే సంగతులు తక్కువ, ఇదొకటి.

మందులు సర్దడానికి నెలలు పట్టింది. ఆమ్లోడిపిన్ ఆపారు. టామ్సులోసిన్ సంగతి యూరాలజీ ఆయనతో మాట్లాడి మార్పించారు. లెవోడోపా కూడా బీపీని దించుతుంది. కానీ అది తగ్గిస్తే నేను కదల్లేను, మంచాన పడతాను. దాన్ని ఉంచి, మాత్రకీ భోజనానికీ మధ్య ఎడం పెట్టారు, మాత్ర దెబ్బా అన్నం దెబ్బా ఒకేసారి పడకుండా. మొదట ఫ్లూడ్రోకార్టిసోన్ ఇచ్చారు. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిపే మందు అది. చీలమండలు వాచాయి, రక్తపరీక్షలో పొటాషియం పడిపోయింది. ఆపేశారు. తర్వాత మిడోడ్రిన్ వచ్చింది. అది వేసుకున్న అరగంటకి తలమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మాడు దురద పెడుతుంది. ఆ దురద వచ్చిందంటే మందు ఎక్కిందని, ఇక లేవొచ్చని మాకు గుర్తు. ప్రోస్టేటు ఉన్నవాడికి ఒంటేలు బిగబట్టే గుణం కూడా దానికి ఉంది, అందుకని చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు.

మిడోడ్రిన్‌కి ఒక కఠినమైన షరతు ఉంది. వేసుకున్నాక నాలుగు గంటలు పడుకోకూడదు. పడుకుంటే బీపీ ఇంకా పైకి పోతుంది. అంటే మధ్యాహ్నం నిద్ర పోయింది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి భోంచేశాక నడుం వాల్చొద్దంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మా నాన్నగారి పడక్కుర్చీ అటకమీదనుంచి దింపించాను. కాన్వాసు కొత్తది వేయించాం. పడుకున్నట్టూ కాదు, కూర్చున్నట్టూ కాదు. మధ్యాహ్నం నా బతుకు అందులోనే. సాయంత్రం నాలుగు దాటితే ఆ మాత్ర ముట్టుకోను.

నాకు ఉన్నది రెండు జబ్బులని అర్థం చేసుకోవడానికే ఇంట్లోవాళ్లకి చాలా రోజులు పట్టింది. నించుంటే లో బీపీ. పడుకుంటే హై బీపీ. ఒకదానికి చేసిన వైద్యం రెండోదాన్ని రెచ్చగొడుతుంది. రాత్రి పడుకోగానే బీపీ పైకి లేస్తుంది, మూత్రపిండాలు ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని ఒంటేలు తయారుచేస్తాయి, రాత్రంతా ఒంట్లోంచి నీరూ ఉప్పూ పోతాయి, తెల్లారేసరికి నాళాలు ఖాళీ. అందుకే పొద్దున్నే నాకు గండం. దీనికి డాక్టరు గారు చెప్పిన ఉపాయం పైసా ఖర్చు లేనిది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టడం. దిండ్లు ఎత్తుగా పెడితే చాలదు, మంచమే వాలుగా ఉండాలి. మొదట్లో తెల్లారేసరికి కాళ్లవైపుకి జారిపోయి ఉండేవాణ్ణి. మా ఆవిడ పరుపు కింద మడతపెట్టిన గోనెసంచి ఒకటి తొడల దగ్గర అడ్డం పెట్టింది. మిల్లు గోనెసంచే. రాత్రిళ్లు లేచేది కూడా సగానికి తగ్గింది. ఒంటేలు డబ్బా మంచం పక్కనే పెట్టుకోమంటే మాత్రం సిగ్గుపడి చాన్నాళ్లు ఒప్పుకోలేదు. చీకట్లో దొడ్డివైపు వెళ్లే మూడు మెట్లు తలుచుకుని ఒప్పుకున్నాను.

పొద్దున లేవడం ఇప్పుడొక తంతు. కళ్లు తెరవగానే, తల ఎత్తుకునే, మరచెంబులో పెట్టిన అరలీటరు నీళ్లు ఏకబిగిన తాగాలి. మెల్లగా గుక్కా గుక్కా తాగితే అంత పనిచేయదు, గటగటా తాగాలి. అయిదు పది నిమిషాల్లో బీపీ కాస్త లేచి, ఓ గంట నిలబడుతుంది. ఈలోగా పడుకునే పొట్టకి బెల్టు కట్టుకోవాలి. కాన్పైనవాళ్లకీ, పొట్ట ఆపరేషనైనవాళ్లకీ మెడికల్ షాపులో ఇస్తారే, అదే బెల్టు. లేచి కూర్చున్నాక కట్టుకుంటే అప్పటికే రక్తం దిగిపోయి ఉంటుంది. రాత్రి పడుకునేముందు విప్పెయ్యాలి. కాళ్లకి వేసే బిగుతు మేజోళ్లు కూడా కొన్నాం. వణికే చేతులతో అవి ఎక్కించడానికి ఇద్దరం చెమటలు కక్కేవాళ్లం, మే నెలలో అయితే వేసినవాడికీ ప్రాణం పోయేది, వేసేవాళ్లకీ పోయేది. వాటిని మానేశాం. తర్వాత కాళ్లు వేలాడేసి కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడించాలి. అప్పుడు లేవాలి. లేచాక వెంటనే నడవకూడదు, మంచం పట్టె పట్టుకుని నించుని, క్యాలెండర్లో స్వామి పట్టుపంచె రంగు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. ఈ చివరిది డాక్టరు చెప్పింది కాదు, నా సొంతం.

ఉప్పు సంగతి చెప్పాలి. మా ఆవిడ నా పాత బీపీ కోసం ఏళ్ల తరబడి ఉప్పు కొలిచి వండిన మనిషి. ఆవకాయ జాడీ నా కంటబడకుండా దాచిన మనిషి. డాక్టరు గారు "ఈయనకి ఉప్పు పెంచండమ్మా" అంటే, ఏదో తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగింది. "గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి గనక చెబుతున్నాను, అందరికీ కాదు" అన్నారాయన. ఇంటికొచ్చాక కూడా నమ్మలేదు. కూరలో ఉప్పు వేసేటప్పుడు చెయ్యి వెనక్కి తీసేది. చివరికి ఉప్పేసిన మజ్జిగ ఒక చెంబూ, అన్నంలో ఆవకాయ బద్దా రోజువారీ మందుల్లో చేరాయి. ఇంటికొచ్చిన చుట్టాలు కంచం చూసి "బీపీ ఉన్నాయనకి ఆవకాయేటమ్మా, చంపేద్దామనా?" అని ఆవిణ్ణి తప్పుపట్టేవారు. ఆవిడ మొదట్లో వివరంగా చెప్పేది. తర్వాత "డాక్టరు రాశాడండీ" అని ఊరుకునేది.

అన్నం నా మీద పగబట్టిందనడానికి బీపీ మిషనే సాక్ష్యం. భోంచేసిన అరగంట నుంచి రెండు గంటల దాకా రక్తం అరుగుదల పనికి పేగుల్లోకి వెళుతుంది. మామూలు మనుషులకి మిగతా నాళాలు బిగిసి సరిపెడతాయి. నాకు పెట్టవు. వేడివేడి అన్నం, పప్పు, పులుసు, పెరుగు, పైన ఓ అరటిపండు అని కడుపారా తిన్నరోజు చేయి కడుక్కోడానికి లేవడమే గండం. ఇప్పుడు కొంచెం కొంచెంగా అయిదుసార్లు తింటాను. చేయి కంచంలోనే కడుగుతాను. చిన్నప్పుడు అలా చేస్తే మా అమ్మ మొట్టికాయ వేసేది.

స్నానం కూడా మారింది. పొగలు కక్కే నీళ్లు చర్మంలో నాళాలను తెరిచేస్తాయి. గోరువెచ్చగా, ప్లాస్టిక్ స్టూలుమీద కూర్చుని పోసుకుంటాను, తుడుచుకోవడం కూడా కూర్చునే. దొడ్లో నేలబారు మరుగుదొడ్డి తీయించి కమోడ్ పెట్టించాం. గొంతుక్కూర్చుని ముక్కి, చటుక్కున లేవడం కన్నా పెద్ద ప్రమాదం నాకు ఇంకోటి లేదు. వేసవి మాత్రం మన చేతుల్లో లేదు. డెల్టాలో రోహిణికార్తె ఎండకి ఉక్క తోడవుతుంది, కరెంటు పోతే ఒళ్లంతా చెమట, నాళాలు తెరుచుకుని ఉంటాయి. ఆ రోజుల్లో మధ్యాహ్నం గడప దాటను.

బీపీ మిషను కొనమన్నారు డాక్టరు గారు. జబ్బచేతికి చుట్టేది. చెయ్యి వణికితే అది 'ఎర్రర్' అంటుంది. మా ఆవిడ మోచేయి కింద తన అరచెయ్యి పెట్టి, గుండె ఎత్తున నిలిపి పట్టుకుంటుంది. చెయ్యి కిందికి వేలాడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పాత మిల్లు పద్దు పుస్తకం ఒకటి ఖాళీగా ఉంటే జమ గడిలో పడుకున్నప్పటిది, ఖర్చు గడిలో నించున్నప్పటిది ఆవిడ రాస్తోంది. నా రాత ఎవరికీ కనపడదు గనక. మొదట్లో గంటకోసారి చూసి భయపడి చచ్చేవాళ్లం. అంకెలు చూసి కాదు, మనిషి ఎలా ఉన్నాడో చూసి నడవండని డాక్టరు గారు కోప్పడ్డాక తగ్గించాం. నించున్నప్పుడు 100 దగ్గర నిలిచి, రంగులు పోకుండా, నాలుగు నిమిషాలు నించోగలిగితే చాలన్నారు. పడుకున్నప్పుడు 160 దాకా చూసీ చూడనట్టుందాం, 180 దాటితే రాత్రికి కాసేపే పనిచేసే మాత్ర ఒకటి ఆలోచిద్దాం అన్నారు. పడుకున్నప్పటి బీపీ ఏళ్ల మీద గుండెకీ మెదడుకీ చేటు చేస్తుంది. పడిపోవడం ఇవాళే తుంటి విరగ్గొడుతుంది. ఏది ముందో మీరే చెప్పండని నన్నే అడిగారు. ఇవాళ్టిదే ముందన్నాను. ఆయన తలూపారు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఆవిడ గురించి రాయకపోతే ఇది సగమే. నేను లేస్తే లేస్తుంది, నడిస్తే వెనక నడుస్తుంది. రాత్రి మంచం కిర్రుమంటే చాలు, "ఏవండీ, లెగుతున్నారా?" అని చీకట్లోంచి గొంతు వస్తుంది. నాకు విసుగొచ్చి "పసిపిల్లాణ్ణా నేను?" అని అరిచిన రోజులున్నాయి. ఆవిడ తిరిగి అరిచిన రోజులూ ఉన్నాయి. ఆమెకీ మోకాళ్లనొప్పులు. నేను పడితే ఆమె ఆపలేదు, ఇద్దరం పడతాం. ఆపొద్దని, నన్ను మెల్లగా నేలమీదికి జారనివ్వమని డాక్టరు గారు ఆవిడకి చేసి చూపించారు. ఇది నేర్చుకోవడం ఆవిడకి అన్నింటికన్నా కష్టమైంది. పడిపోతున్న మొగుణ్ణి పట్టుకోకుండా నేలమీద పెట్టడానికి చెయ్యి రాదు కదా.

బయటికి వెళ్లినప్పుడు నాకు కొన్ని విద్యలున్నాయి. నించోవలసి వస్తే కాలుమీద కాలు మెలేసి తొడలు బిగబడతాను. పిరుదులు, పొట్ట కూడా బిగించాలి. మడమలెత్తి దించుతాను. దగ్గర్లో మెట్టుంటే ఒక కాలు దానిమీద పెట్టుకుంటాను. బ్యాంకులో అలా మెలితిరిగి నించుంటే వెనకాయన "బాత్రూం అటేపండీ" అని దారి చూపించాడు. మరీ ముంచుకొస్తే సిగ్గు వదిలేసి కిందే కూర్చుంటాను, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు. చొక్కా జేబులో కార్డు ఒకటి పెట్టుకున్నాను. మనవడు పెద్ద అక్షరాలతో రాశాడు. "నేను పడిపోతే నన్ను లేపకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోండి. చేతిలో తాళాలు పెట్టకండి." పడినవాడి జేబు వెతికేది పర్సు కోసమే గాని కార్డు కోసం కాదని మా బావమరిది అన్నాడు. అందుకని మిల్లు దగ్గర టీ కొట్టు అతనికీ, ఆటో స్టాండువాళ్లకీ నోటితో చెప్పి ఉంచాను. టీ కొట్టు అతను ఓసారి నన్ను బల్లమీద పడుకోబెట్టి, కాళ్లు పాలక్యాను మీద పెట్టి, గుమిగూడినవాళ్లని తరిమేశాడట. తేరుకున్నాక టీ డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడూ పడుతున్నాను, తక్కువగా. జబ్బు తగ్గేది కాదు, ముదిరేదే. ఆ సంగతి డాక్టరు గారు దాచలేదు. మందు డోసులు ఎండాకాలానికొకలా, వానాకాలానికొకలా మారుస్తున్నారు. నేను రాసిన మందులు, ఉప్పు, బెల్టు ఎవరూ వాళ్లంతట వాళ్లు మొదలెట్టకండి. గుండె, కిడ్నీ బాగాలేనివాళ్లకి ఆ ఉప్పే విషం. ఒక్కటి మాత్రం ఎవరైనా అడగొచ్చు. పార్కిన్సన్స్ ఉన్న మనిషిని తీసుకెళ్లినప్పుడు, "పడుకోబెట్టి ఓసారి, నించోబెట్టి ఓసారి చూడండి డాక్టరు గారూ" అని అడగండి. అయిదారు నిమిషాల పని.

నాకు ఇంకా లొంగనిది మర్యాద ఒక్కటే. పెద్దవాళ్లు వస్తే లేవాలని పుట్టింది మొదలు ఒంటికి పట్టినది. ఎవరైనా గుమ్మంలోకి రాగానే నా నడుం దానంతటదే లేవబోతుంది. మొన్న మండపేటలో మేనకోడలి పెళ్లి. బఫే పెట్టారు. కంచం పట్టుకుని నించుని తినడమంటే, నా లెక్కలో రెండు గండాలు ఒకేచోట. మావాళ్లు మూల ఒక కుర్చీ వేసి, కంచం తెచ్చి ఒళ్లో పెట్టారు. మగపెళ్లివారి తరఫు పెద్దలు వరసగా వస్తున్నారు, అందరూ లేచి నమస్కారాలు పెడుతున్నారు. నేను కూర్చునే చేతులు జోడించాను. మా పెద్దబావగారు దగ్గరకొచ్చి, "లెగవయ్యా, వియ్యాలవారు ఏమనుకుంటారు" అని చెవిలో అన్నారు. నేను కుర్చీ చేతులమీద బలం మోపాను కూడా. వెనకనుంచి మా ఆవిడ భుజంమీద చెయ్యేసి నొక్కేసింది.

"ఆయన లేస్తే తర్వాత మనమంతా లేపాలన్నయ్యగారూ. కూర్చోనివ్వండి" అంది.